సుల్తాన్ బజార్ పాత ఇళ్ల చరిత్ర: పెంకు మీది అంకె నుంచి దస్తావేజు హద్దుల దాకా

మీరు అడిగినవి మూడు. సుల్తాన్ బజార్, బడీచౌడీ మధ్య ఉన్న మీ గల్లీలో పాత ఇళ్ల చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ఇంటి పెంకు మీద 1865 అని అచ్చు ఉంది కదా, ఇల్లు అప్పటిదేనా? ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983కి ముందు ఏమీ రావడం లేదు, ఇక దారి లేనట్టేనా?

ముందు పెంకు సంగతి తేల్చేద్దాం. 1865 అనేది బేసల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది. అల్బుకర్క్ కంపెనీ పెంకుల మీద 1868 కనిపిస్తుంది, అదీ కంపెనీ పుట్టిన ఏడాదే. ఆ అంకెలు దశాబ్దాల పాటు అచ్చులో అలాగే ఉండిపోయాయి. పైగా సికింద్రాబాదుకు రైలు వచ్చింది 1874లో. అంత బరువు సరుకు మంగళూరు నుంచి చవగ్గా దిగడం ఆ తర్వాతి మాట. కాబట్టి పెంకు చెప్పేది "ఈ కప్పు 1865కి ముందుది కాదు" అన్నంత వరకే. ఇల్లు అంతకన్నా పాతది కావచ్చు, ఎంతో కొత్తదీ కావచ్చు. గోడలకూ కప్పుకూ వయసు ఒకటే అని ఎప్పుడూ అనుకోవద్దు.

ఇక పద్ధతి. ముందు స్థలాన్ని పట్టుకోండి, తర్వాత కట్టడాన్ని, ఆ తర్వాత మనుషుల్ని. ఇంటి పేరు మారుతుంది, నంబరు మారుతుంది, యజమాని మారతాడు, చివరికి పరిపాలన కూడా మారుతుంది. అందరికన్నా నిదానంగా మారేవి స్థలం హద్దులు. ఏ కాగితం దొరికినా "ఇది ఈ స్థలానిదే అని ఎలా చెప్పగలం?" అన్న ప్రశ్నకు జవాబు రాసుకున్నాకే దాన్ని వాడండి. "ఫలానా నవాబు దేవిడీ (పెద్ద లోగిలి)", "రెసిడెన్సీ దాకా సొరంగం ఉంది" లాంటి మాటలు వినిపిస్తాయి. వాటినీ రాసుకోండి, ఎవరు ఎప్పుడు చెప్పారో పక్కన వేసి. అంతవరకే.

మీ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇది తెలియకపోవడం వల్లే చాలామంది తప్పు ఆఫీసులో నెలలు గడుపుతారు. కోఠి, సుల్తాన్ బజార్ ఒకప్పుడు రెసిడెన్సీ బజార్లు. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ఆ పెద్ద భవనం బ్రిటిష్ రెసిడెన్సీ. చుట్టూ ఉన్న బజార్ల మీద పెత్తనం రెసిడెంటుది, అంటే నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధిది. 1933లో వాటిని నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించారు. చాదర్‌ఘాట్ మున్సిపాలిటీని హైదరాబాద్ మున్సిపాలిటీలో కలిపింది కూడా అదే ఏడాది. అంటే 1933కి ముందు మీ గల్లీ గురించి సర్కారీ కాగితం ఏదైనా పుట్టి ఉంటే అది నిజాం దఫ్తరాల్లో కాకుండా రెసిడెన్సీ రికార్డుల్లో ఉండే అవకాశమే ఎక్కువ. ఆ రికార్డులు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కేటలాగు, కొన్ని స్కాన్లు అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఉచితంగా రిజిస్టర్ చేసుకుని చూడొచ్చు. వెతికేటప్పుడు "బజార్" అన్న మాటను ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులతోనూ కొట్టి చూడండి. ఫైళ్లలో రెండూ ఉన్నాయి. 1933 తర్వాతవి కావాలంటే తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి.

రెండు చోట్లా ఒక మాట గుర్తుంచుకోండి. మామూలు ఇల్లు ప్రశాంతంగా ఉన్నంతకాలం సర్కారు ఫైలులోకి ఎక్కదు. మోరీ గొడవ, రోడ్డు మీదికి అరుగు జరపడం, అగ్నిప్రమాదం, ప్లేగు, లైసెన్సు, కిరాయి తగాదా — ఇలాంటిది ఏదైనా వస్తేనే ఎక్కుతుంది. అందుకని ఇంటి నంబరు చెప్పి ఫైలు అడిగితే ఎవరూ ఇవ్వలేరు. శాఖ, సంవత్సరం, విషయం చెప్పి అడగాలి.

కానీ ఆర్కైవ్స్‌కు వెళ్లడం రెండో అంకం. మొదటిది నంబర్ల గొలుసు. ఇప్పటి ఇంటి నంబరులో మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు; ఏటవాలు గీత (/) తర్వాత వచ్చేవి ఆ ఇంటిని పంచుకున్నాక పుట్టిన ముక్కలు. ఒకే మూడో అంకె కింద గీత తర్వాత ఒకటి నుంచి ఆరు దాకా ఉంటే, ఆ ఆరు ఇళ్లూ ఒకప్పుడు ఒకే పెద్ద ఇల్లు అని అనుమానించి వెతకండి. నంబర్లు మారినప్పుడు పాత నంబరు ఎక్కడెక్కడ మిగిలి ఉంటుందంటే: పాత ఆస్తిపన్ను రసీదులు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, స్కూలు సర్టిఫికెట్లు, అన్నిటికన్నా మేలైనవి పెళ్లి శుభలేఖలు. శుభలేఖలో తేదీ, ఇంటి నంబరు, ఇంటిపెద్ద పేరు, ఒక్కోసారి ఇంటి పేరు కూడా ఒకే కాగితం మీద ఉంటాయి. గల్లీలో పది కుటుంబాల దగ్గర పాత శుభలేఖలు చూస్తే ఏ నంబరు ఎప్పుడు మారిందో దాదాపు తేలిపోతుంది. దానికి తోడు టౌన్ సర్వే రికార్డు, అంటే టీఎస్ఎల్ఆర్ కాపీ తీయండి. వార్డు, బ్లాకు, టీఎస్ నంబరు అందులో ఉంటాయి. జాగ్రత్త: ఈ వార్డు, మున్సిపల్ వార్డు వేరువేరు.

ఇప్పుడు ఈసీ. ఆన్‌లైన్‌లో 1-1-1983 నుంచే ఉంది. దానికి ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాన్యువల్ సెర్చ్ అడగాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలో నకలవుతాయి. దానికి రెండు సూచికలు: 1వ ఇండెక్స్ మనుషుల పేర్లతో, 2వ ఇండెక్స్ ఆస్తుల వివరాలతో. 57వ సెక్షన్ కింద ఫీజు కడితే 1వ పుస్తకాన్నీ దాని సూచికల్నీ ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, యజమానే కానక్కర్లేదు. వీలునామాలుండే 3వ పుస్తకం, 4వ పుస్తకం అలా చూపించరు. కౌంటర్లో కుదరదంటే గొడవపడకుండా సెక్షన్ రాసి దరఖాస్తు ఇవ్వండి. మీ గల్లీ ఏ కాలంలో ఏ ఆఫీసు పరిధిలో ఉండేదో కూడా అక్కడే అడగండి, పరిధులు చాలాసార్లు మారాయి. మున్సిపల్ ఫైళ్ల కోసం పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ వేయొచ్చు. అందులోనూ "ఈ ఇంటి చరిత్ర ఇవ్వండి" అని రాస్తే లాభం లేదు. "ఫలానా నంబరు ఇంటి మ్యుటేషన్ (యజమాని పేరు మార్పు) ఫైలు, అసెస్‌మెంట్ రిజిస్టరులో ఆ పేజీ నకలు" అని రాయాలి.

ఈసీలో "నిల్" వస్తే ఆ ఇంటికి చరిత్ర లేదని కాదు. మీరిచ్చిన వివరంతో ఏ దస్తావేజూ రిజిస్టర్ కాలేదని, అంతే. పాత నంబరుతో మళ్లీ వెతకండి. వారసత్వం, నోటి మాట మీద పంపకం, నోటి హిబా (దానం), రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఇందులో కనబడవు. పేర్లతో వెతికేటప్పుడు రాసిచ్చినవాళ్లు, రాయించుకున్నవాళ్లు ఇద్దరి పేర్లూ, ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి చూడాలి.

అన్నిటికన్నా దగ్గరి దారి మాత్రం ఇప్పటి యజమాని దగ్గరున్న లింక్ డాక్యుమెంట్లు. ప్రతి అమ్మకం దస్తావేజులో అమ్మేవాడికి ఆ ఆస్తి ఎలా వచ్చిందో ఒక పేరా ఉంటుంది: ఏ సంవత్సరం, ఏ నంబరు దస్తావేజు ద్వారా అని. అది పట్టుకుని వెనక్కి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి. ఎక్కడో ఒకచోట గొలుసు తెగుతుంది. తెగినచోట వెనక్కి కాక పక్కకు వెళ్లాలి, అంటే పక్కింటి దస్తావేజు చూడాలి. ఈ పనిలో ప్రాణం ఇక్కడే ఉంది.

దస్తావేజు చివర ఆస్తి హద్దులు రాసే షెడ్యూలులో ఇలా ఉందనుకోండి: "తూర్పు: మున్సిపల్ గల్లీ. పడమర: ఫలానా సేఠ్ వారసుల ఇల్లు. ఉత్తరం: ఖాళీ జాగా. దక్షిణం: ఉమ్మడి గోడ, ఆవల బావి." నాలుగు ముక్కల్లో నాలుగు ఇళ్ల సంగతి ఉంది. ఉత్తరం ఇల్లు అప్పటికి కట్టలేదు. పడమటింటి సేఠ్ అప్పటికే పోయాడు, ఆస్తి ఇంకా పంచుకోలేదు. దక్షిణాన ఉమ్మడి గోడ ఉందంటే ఆ రెండిళ్లూ ఒకేసారి కట్టినవో, ఒకటే ఇంటిని రెండు చేసినవో అయి ఉండొచ్చు. బావి ఇంకా మంచిది, అది కదలదు. పాత మ్యాపులో బావి దొరికితే స్థలం ఖాయమైనట్టే. ఇలా ఒక వరస ఇళ్ల దస్తావేజుల్లోంచి హద్దులు మాత్రమే తీసి పట్టికగా వేస్తే, ఏ ఇంటి కాగితాలు ఇవ్వకపోయినా దాని గురించి పొరుగు ఇళ్ల కాగితాలే చెబుతాయి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. దస్తావేజు రాసేవాళ్లు హద్దుల్ని పాత దస్తావేజు నుంచి మక్కీకి మక్కీ దించేస్తారు. 1972 దస్తావేజులో పడమటి హద్దుగా ఉన్న మనిషి 1940లోనే ఇల్లు అమ్మేసి ఉండొచ్చు. రెండు వరస దస్తావేజుల్లో హద్దులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, రెండోదాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టకండి. తేడా వచ్చిన హద్దే నిజంగా ఆ రోజు చూసి రాసినది.

1948కి ముందువి చాలావరకు ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. చదివేవాళ్లను పెట్టుకున్నా ఈ మాటలు మీకూ తెలిసి ఉండాలి: బైనామా అమ్మకం, రహన్‌నామా తాకట్టు, హిబానామా దానం, తక్సీమ్‌నామా పంపకం. హద్దుల పేరా హుదూదె అర్బా అని మొదలవుతుంది; షర్ఖ్ తూర్పు, గర్బ్ పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. ధర దగ్గర కొత్తవాళ్లు తరచు తప్పు చదువుతారు. అంకె దిద్దకుండా ఉండేందుకు మొత్తం రాసి, వెంటనే "దాని నిస్ఫ్ ఇంత" అని సగం కూడా రాస్తారు. ఆ సగాన్ని ధర అనుకుంటే లెక్క సగానికి పడిపోతుంది. రూపాయి ఏదో కూడా చూడండి: హాలీ సిక్కా అయితే నిజాందీ, కల్దార్ అయితే బ్రిటిష్‌దీ. సుమారు 7 హాలీకి 6 కల్దార్ మారకం. రెసిడెన్సీ బజార్లలో రెండూ చలామణిలో ఉండేవి, కాబట్టి రెండిళ్ల ధరలు పోల్చేముందు ఒకే రూపాయిలోకి మార్చుకోండి.

తేదీలు మార్చడం దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. నిజాం కాగితాల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం వాడేవారు. 20వ శతాబ్దం తొలి సగంలోని హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబర్ 6న, ఆజర్ నెలతో మొదలవుతుంది. ఆజర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా ఫసలీకి 590 కలపాలి, జనవరి నుంచి 591. ఆజర్ 1356 అంటే 1946 అక్టోబర్. అదే ఏడాది ఖుర్దాద్ అంటే 1947. బహ్మన్ నెల చివర్లో ఇంగ్లీషు సంవత్సరం మారుతుంది, కాబట్టి బహ్మన్ తేదీలను ప్రత్యేకంగా సరిచూసుకోండి. మద్రాసు పద్ధతి ఫసలీ జూలై 1న మొదలవుతుంది. కోస్తా కాగితాలకు అలవాటుపడ్డవాళ్లు ఇక్కడ పొరబడతారు. హిజ్రీకి మోటు లెక్క: 0.97తో గుణించి 622 కలపండి. 1326 హిజ్రీ అలా చేస్తే 1908 వస్తుంది, మూసీ వరద వచ్చిన ఏడాది. మార్వాడీ బహీలలో (లెక్కల పుస్తకాల్లో), ధర్మశాల ఫలకాల మీద విక్రమ సంవత్ ఉంటుంది. 57 తీసేయాలి, జనవరి నుంచి ఉగాది లోపు తేదీ అయితే 56. శక సంవత్సరానికి 78 కలపాలి. తెలుగువాళ్ల ఇళ్ల నుదుటి మీద "కీలక నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటే అది 1908–09 కావచ్చు, 1968–69 కావచ్చు. ఆ అరవై ఏళ్ల తేడాను గోడే తేల్చాలి.

మసీదులు, దర్గాలు, పెద్ద దేవిడీల మీద అంకె లేకుండా పద్యం మాత్రమే ఉంటే నిరాశపడకండి. అరబీ, ఫార్సీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది; ఆఖరి పాదంలో ఆ విలువలు కూడితే సంవత్సరం వస్తుంది. హైదరాబాద్ పుట్టుకకు చెప్పే "యా హాఫిజ్" అలాంటిదే: య 10, అలిఫ్ 1, హ 8, అలిఫ్ 1, ఫ 80, జ 900. మొత్తం 1000 హిజ్రీ, అంటే 1591–92. కొన్నిట్లో ఫలానా అక్షరం తీసెయ్యి లేదా కలుపు అన్న సూచన పద్యంలోనే దాగి ఉంటుంది. కాబట్టి కూడిక ఒక్కటే చేసి తేదీ ప్రకటించకుండా పద్యం పూర్తిగా చదివించండి. ఫలకం చదవడానికి సుద్ద, నూనె రుద్దొద్దు, రాయి పాడవుతుంది. చీకటిపడ్డాక టార్చిని గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేసి ఫొటో తీయండి. కంటికి కనబడని అక్షరాలు ఫొటోలో లేస్తాయి.

మ్యాపుల్లో మొదటిది 1912–15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో జరిగిన మున్సిపల్ సర్వే. మన్ మ్యాపులు అనే పేరుతో దొరుకుతాయి, ఒక్కో ఇంటి ఆకారం విడిగా కనిపించేంత పెద్ద స్కేలు. మీ గల్లీ షీటును క్యూజీఐఎస్‌లో జియోరిఫరెన్స్ చేయండి, అంటే ఆ ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో పాత షీటును ఇప్పటి మ్యాపు మీద సరిగ్గా కూర్చోబెట్టండి. కనీసం ఆరు, వీలైతే పది బిందువులు, షీటు నాలుగు మూలలకూ పరుచుకుని ఉండాలి. పాత మసీదు మూలలు, గుడి గర్భాలయం, రెసిడెన్సీ భవనం మూలలు మంచివి. రోడ్డు అంచులు మాత్రం వాడొద్దు. వెడల్పు చేయడంలో అవి జరిగిపోయాయి. షీటును వంచకుండా కూర్చోబెట్టే మామూలు మొదటి డిగ్రీ రూపాంతరంతో (పాలినోమియల్ 1) మొదలుపెట్టి, ఒక బిందువు దగ్గర తేడా మిగతావాటికన్నా బాగా ఎక్కువ వస్తే ఆ బిందువునే అనుమానించండి. మ్యాపును బలవంతంగా సాగదీస్తే అన్నీ కుదిరినట్టే కనబడతాయి, ఇంటి గోడలు మాత్రం వంకరపోతాయి. ఆ షీటులో మీ స్థలంలో కట్టడం ఉంటే అర్థం: అప్పటికి అక్కడ ఏదో ఇల్లు ఉంది. ఇప్పుడున్నదే అదని చెప్పాలంటే గోడల ఆకారం, నడవ, బావి కలవాలి. 1960ల సంగతికి అమెరికా కరోనా ఉపగ్రహ చిత్రాలు పనికొస్తాయి, యూఎస్‌జీఎస్ సైటులో ఉన్నాయి. చిన్న ఇల్లు అందులో సరిగా తేలదు, కానీ పెద్ద లోగిలి ముక్కలై మధ్య ఖాళీ పూడిపోయిందో లేదో తెలుస్తుంది.

చివరగా గోడ. సుల్తాన్ బజార్‌లో ముఖభాగం చూసి వయసు చెప్పడం ప్రమాదం. 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో దారి ఆ బజారు గుండానే వెళ్లింది. ముందుభాగం పోయి కొత్త గోడ లేచిన ఇళ్లున్నాయి. వెనక గల్లీలోంచి, మెట్ల కిందనుంచి, మిద్దె మీదనుంచి చూడండి. ఇనప దూలాలకు పక్కన కంపెనీ పేరు అచ్చు ఉంటుంది: డార్మన్ లాంగ్ అంటే ఇంగ్లండు సరుకు, టాటా అంటే 1912కి ముందుది కాదు. దూలాల మీద షాబాద్ బండలా, ఇటుక కమానులా, టేకు దూలాల మీద గచ్చు మిద్దెనా, సిమెంటు స్లాబా అన్నది గది గదికీ విడిగా రాయండి. మేడ తర్వాత లేపినదైతే కింది గోడ సున్నం, పై గోడ సిమెంటు అయి ఉండటం, మెట్లు ఇంటి గోడకు ఆనించి విడిగా ఉండటం గుర్తులు. దూలాలు, తలుపులు పాత ఇళ్లు కూల్చినచోట కొని మళ్లీ వాడటం ఎప్పటినుంచో ఉంది కనుక, అచ్చు ఎప్పుడూ "ఇంతకుముందు కాదు" అనే చెబుతుంది. షాపు బోర్డు మీది స్థాపన సంవత్సరం వ్యాపారానిది, భవనానిది కాదు.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు "ఈ ఇల్లు ఎప్పుడు కట్టారు?" అంటే "వందేళ్లు దాటింది" అనే జవాబు వస్తుంది. "మీరు కాపురానికి వచ్చేనాటికి మేడ ఉందా? పోలీస్ యాక్షన్ నాటికి కింద కిరాయికి ఎవరున్నారు? 1969 ఉద్యమం అప్పుడు ఈ తలుపు ఇటే ఉందా?" అని అడగండి. మనుషులకు సంవత్సరం గుర్తుండదు గానీ, ఏది ముందు ఏది వెనక అన్నది బాగా గుర్తుంటుంది.

రాసుకునే తీరు: ఒక్కో స్థలానికి ఒక పేజీ. మూలంలో ఉన్న తేదీ ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, మార్చిన తేదీ పక్క గడిలో, ఆ సాక్ష్యం ఇంట్లో ఏ భాగానికి వర్తిస్తుందో మూడో గడిలో. ఈ మూడో గడి వదిలేస్తే పెంకు మీది 1865 మొత్తం ఇంటికి అంటుకుంటుంది. గల్లీ మొత్తం ఒకేసారి ఎత్తుకోకుండా, ఒక వైపు వరసగా పది పన్నెండు ఇళ్లతో మొదలుపెట్టండి. హద్దులు కలవాలంటే ఇళ్లు పక్కపక్కనే ఉండాలి.

యజమానులకు రెండు భయాలుంటాయి: పాలివాళ్ల తగాదా, "హెరిటేజ్‌లో పడితే అమ్ముకోలేం" అన్నది. మీరు రాసినంత మాత్రాన ఏ ఇల్లూ జాబితాలోకి ఎక్కదు. 1995 నాటి పాత హెరిటేజ్ నిబంధన 2015లో రద్దయింది, ఇప్పుడున్నది తెలంగాణ హెరిటేజ్ చట్టం, 2017. దాని కింద ప్రభుత్వం నోటిఫై చేయాలి. ఈ సంగతి ముందే చెప్పండి. కోర్టులో ఉన్న ఆస్తి అయితే కేసు తేలేదాకా ఆ ఇంటి యాజమాన్యం గురించి ఏమీ ప్రచురించకండి, కట్టడం గురించి మాత్రం రాసుకోవచ్చు. దస్తావేజుల ఫొటోలు ఎక్కడా పెట్టవద్దు. సంతకాలు, వేలిముద్రలు, వారసుల పేర్లు అందులో ఉంటాయి. ఉర్దూ దస్తావేజు చదివించినప్పుడు దాని తెలుగు పాఠం ఒక కాపీ ఆ ఇంటివాళ్లకు ఇవ్వండి. తాతల నాటి కాగితంలో ఏముందో చాలా ఇళ్లలో చదివినవాళ్లే లేరు, అందుకని ఆ కాపీకి వాళ్ల దగ్గర చాలా విలువ ఉంటుంది. పక్కింటివాళ్లు తమ పెట్టె తెరిచేది కూడా తరచు దాన్ని చూశాకే.